ఉప్పు ఉప్పే

జూన్ 16, సోమవారం

ఝాన్సీ ఇవాళ కూడా చెడగొట్టింది. పద్ధతి నాది, రొయ్య పెంకుల పొడి నాది, కొబాల్టు నాది, ఫర్నేస్ మా ఇద్దరిదీ. ఒక్క చెయ్యి మాత్రం దానిది. ఫర్నేస్‌లోంచి తీసిన నల్లటి బొగ్గుపొడిని ఎలక్ట్రోడ్ మీద పూసి ఆక్సిజన్ వదిలింది. నేను చేసిన పొడికైతే కరెంటు కర్వ్ నిటారుగా పోతుంది. దాని పొడికి జ్వరం పడి లేచిన మనిషిలా నీరసంగా పాకింది. ఆ కర్వ్ ప్రింటు తీసి మా గైడు జగన్నాధం సారు బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని పక్కన నిలబడింది. నోరు విప్పితే తిరిగి తిట్టొచ్చు. నోరు విప్పని మనిషిని ఏం చేస్తాం?

సారు నా కర్వ్ పక్కన దాని కర్వ్ పెట్టుకుని చూశారు. తర్వాత నాకేసి చూశారు.

"మార్చి నుంచి ఇదే వరస. మంచి రిజల్టు నీకొక్కదానికే ఎందుకొస్తాదమ్మా?"

సారు 'అమ్మా' అంటే అందులో ప్రేమ ఉందనుకునే రోజులు పోయాయి.

"చేసే చెయ్యి సరిగ్గా ఉండాలి సార్" అన్నాను.

ఝాన్సీ కింద పెదవి కొరుక్కుంది. కొరుక్కోనీ. మా పేపరు చూసిన జర్నల్ వాళ్లు అడిగింది ఒక్కటే ప్రశ్న. ఇంకో మనిషి చేస్తే ఇది వస్తుందా? వస్తే పేపరు, థీసిస్, పేరు ముందు డాక్టర్. రాకపోతే నేను దొంగ లెక్కలు రాసిన మనిషిని. ఆ ఇంకో మనిషి ఝాన్సీయే అవ్వాలా? ల్యాబ్‌లో ఇంకెవరూ లేరు కనుక అయింది. ఖర్మ.

జూన్ 17

వేట నిషేధం ఎత్తేశాక బోట్లు వరసగా వెళుతున్నాయి. అమ్మ పెరట్లో కవళ్ల చేపలకి ఉప్పు పట్టిస్తోంది. నా మొహం చూసి ఏం జరిగిందో అడగలేదు. వేరేది అడిగింది.

"ఒలే దుర్గా, నీ బొగ్గు ఏటి సేస్తాదే? అన్నం వండుతాదేటి?"

అమ్మకి చెప్పినంత బాగా జర్నల్ వాళ్లకి కూడా చెప్పలేదు నేను. బొగ్గు నిండా చిల్లులు పెట్టాలి. ఆ చిల్లుల గోడలకి కొబాల్టు పరమాణువుల్ని ఒక్కొక్కటిగా, విడివిడిగా కూర్చోబెట్టాలి. రెండు పక్కపక్కన చేరితే ముద్ద కడతాయి, పనికి రావు. అలా ఒంటరిగా కూర్చున్న పరమాణువు ప్లాటినం చేసే పని చేస్తుంది. గాలిలో ఆక్సిజన్ పట్టుకుని కరెంటు పుట్టిస్తుంది. చిల్లులు పెట్టేది ఉప్పు. పొడిలో ఉప్పు కలిపి కాలుస్తాం, చల్లారాక నీళ్లతో కడుగుతాం. ఉప్పు కరిగిపోతుంది, అదున్న చోటు ఖాళీగా మిగులుతుంది.

"ఉప్పుకి అంత సదువెందుకే" అని అమ్మ నవ్వింది.

నిజమే, ఉప్పుకి చదువక్కర్లేదు. కిందటేడు స్టోరులో సోడియం క్లోరైడ్ సీసా ఖాళీ అయింది. కొత్తది రావడానికి కాగితాలు సంతకాల కోసం తిరుగుతున్నాయి. అప్పుడు అమ్మ ఇనప డ్రమ్ములోంచి కల్లుప్పు తెచ్చి, మెత్తగా నూరి ఆ సీసాలోనే పోసుకున్నాను. ఇప్పటికీ అదే వాడుతున్నాను. ఉప్పు ఉప్పే. కష్టమంతా కొబాల్టుది. ఒక్కో పరమాణువుకి చోటు నేను చూపించాను, నాలుగేళ్లు.

జూన్ 23

మళ్లీ అదే తగువు. ఝాన్సీ కొత్త విడత మొదలుపెట్టింది. ఉప్పు కలపాల్సి వచ్చింది. నా సీసా తీసి దానికి అందించాను. నిప్పు చూపించినట్టు చేతులు వెనక్కి లాక్కుంది.

"బల్ల మీద పెట్టు."

"ఎందుకు?"

"ఉప్పు సేతికందుకోకూడదు. తగువులొస్తాయి."

"మనిద్దరికీ కొత్తగా రావాలా? కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేస్తూ ఇవేం మాటలు? కావాలంటే అందుకో. లేకపోతే లేదు."

అందుకోలేదు. ఎప్పటిలాగే స్టోరుకి వెళ్లి, సీలు తియ్యని కొత్త సీసా తెచ్చుకుంది. మార్చి నుంచి ప్రతిసారీ ఇంతే. నేను చేతికిస్తాను, అది అందుకోదు.

బల్ల మీద పెట్టొచ్చు. పెట్టను. ఆమదాలవలసలో రైసుమిల్లు ఉన్నవాళ్ల పిల్ల 'పెట్టు' అనగానే పెట్టెయ్యడానికి నేనేం వాళ్ల కళ్లంలో కూలికి రాలేదు. ల్యాబ్‌లో చేరిన కొత్తలో నేను క్యారేజీ మూత తీసి ఎండుచేపల ఇగురు కలుపుకుంటుంటే లేచి కిటికీ తలుపు తెరిచింది. తెరిచి వచ్చి కూర్చుంది. ఆ కిటికీ చప్పుడు నాకింకా గుర్తుంది.

జూన్ 26

చెడిపోయింది. అనుకున్నదే.

జూలై 1

సారు గుడ్ మార్నింగ్ చెప్తే తలూపడం మానేశారు.

జూలై 4

సంతకం కోసం సారు గదికి వెళ్లాను. తలుపు వారగా వేసి ఉంది. లోపల ఝాన్సీ.

సారు గొంతు: "ఇంక సాలమ్మా. ఎన్నిసార్లు సేస్తావు? తేలిపోయింది కదా."

ఝాన్సీ గొంతు: "ఇంకొక్కసారి సార్. ఒక్కసారి సేసి సూస్తాను."

సంతకం లేకుండానే వెనక్కి వచ్చేశాను. ఆయనే చాలంటుంటే దీనికి చాలలేదు. శవాన్ని పాతిపెట్టాక కూడా ఇంకో గంప మట్టి వెయ్యాలి. ఇంటికి వచ్చేటప్పుడు భోగాపురం దగ్గర ఎయిర్‌పోర్టు లారీలు అడ్డం పడి బస్సు ఆగిపోయింది. కూర్చున్నంతసేపూ దాన్ని తిట్టుకున్నాను. పక్కసీటు ఆవిడ నా పెదాలు కదలడం చూసి, జపం చేసుకుంటున్నానేమో అనుకుని కొంచెం జరిగి చోటిచ్చింది.

జూలై 10

సారు ఇద్దర్నీ పిలిచారు. "ల్యాబ్‌లో ఎవరైనా డేటా దిద్దితే నేను చూస్తూ ఊరుకోను" అన్నారు. ఎవరైనా, అన్నారు. నాకేసి చూడలేదు. నేనే గబుక్కున "నేను దిద్దలేదు సార్" అన్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నదాన్ని అయిపోయాను. తడుముకున్నాక గానీ తెలియలేదు.

విశాఖ నుంచి నా థీసిస్ కమిటీ మెంబరు పృథ్వీరాజ్ గారు వస్తారట. ఆయన ముందు మొత్తం నేను చేసి చూపించాలి. ప్రతి వస్తువూ స్టోరు నుంచి, సీలు వేసినదే. నా బల్ల మీది సీసా ఒక్కటి కూడా ముట్టుకోకూడదు.

చేస్తాను. కళ్లు తెరుచుకుని చూడండి ఇద్దరూ.

జూలై 17, గురువారం

రాలేదు.

పృథ్వీరాజ్ గారు స్టూలు మీద కూర్చుని, కర్వ్ స్క్రీను మీద పాకుతున్నంతసేపూ ఊపిరి బిగబట్టి చూశారు. మంచి మనిషిలాగే ఉన్నారు. అందుకే ఇంకా సిగ్గేసింది. నా చేతులతో చేసిన పొడి, నా కొబాల్టు, తీరా చూస్తే ఝాన్సీ కర్వ్. అచ్చు అదే నీరసం. ఎలక్ట్రోడ్ తుడిచి మళ్లీ పూశాను. అదే. ద్రావణం మార్చాను. అదే.

ఆయన వెళ్లాక సారు తలుపు వేశారు.

"ముందు చూపించిన పొడిలో ఏటి కలిపావు? బయట కొన్న ప్లాటినం బొగ్గు ఏమైనా?"

"లేదు సార్."

"మరి ఆ రిజల్టు ఎక్కడిది? ఆకాశం నుంచి ఊడిపడిందేటి?"

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు అనే మనిషితో వాదన ఏముంది? ఆ పొడి మిగలలేదు, పరీక్షలకే అయిపోయింది. ల్యాబ్ తాళం బల్ల మీద పెట్టేసి రమ్మన్నారు. పెట్టేశాను. కమిటీ మళ్లీ కూర్చుంటుందట, నన్ను ఉంచాలో తీసెయ్యాలో తేల్చడానికి.

నేను కల్పించలేదు. ఇది ఎవరూ చదవరు, ఇక్కడ అబద్ధం రాసుకునే అవసరం నాకు లేదు. నేను కల్పించలేదు.

జూలై 18

ఏమీ రాయబుద్ధి కావడం లేదు.

జూలై 19

ఝాన్సీయే చేసింది. సీలు వేసిన సీసాలో ఏం కలుపుతుందని అడిగితే చెప్పలేను. కానీ చేసింది. ఫర్నేస్ లెక్క మార్చి ఉంటుంది. నైట్రోజన్ సిలిండర్ మార్చి ఉంటుంది. ఆడలేక మద్దెల ఓడు అంటారని తెలుసు. అననీ.

జూలై 21

సిలిండర్ కూడా కాదు. దాని నంబరు నేనే చూశాను.

జూలై 24, గురువారం

ముసురు. ఎండ లేక చేపలు ఆరడం లేదు, అమ్మ ఉప్పు ఇంకా దట్టిస్తోంది. నేను అరుగు మీద కూర్చుని ఏమీ చెయ్యకుండా చూస్తున్నాను. ఈమధ్య నా ఉద్యోగం అదే.

"ఈ డ్రమ్ము అడుగు ఊడిపోనాది. ఉప్పంతా సిలుం పట్టేసింది. కొత్తది కొనాలి" అని గొణుక్కుంటూ డ్రమ్మును పక్కకి వంచింది.

అడుగున ఉన్న ఉప్పు ఇటికపొడి రంగులో ఉంది.

లేచి వెళ్లి గుప్పెడు తీసుకున్నాను. అమ్మ ఏదో అంది, వినలేదు. చిలుం. అంటే ఇనుము.

పొడి కన్నా ఎన్నో రెట్లు ఉప్పు పోస్తాం. ఉప్పు కరిగిపోతుంది. అందులో ఉన్న ఇనుమంతా కరిగిపోవాలని లేదు. కొంత ఆ చిల్లుల గోడల్లో, నేను కొబాల్టుకి చూపించిన చోట్లలో కూర్చుంటుంది. ఈ పనికి ఇనుము కొబాల్టు కన్నా గట్టిది, ఆ సంగతి మొదటి ఏడాది పిల్లలకి కూడా తెలుసు. హైదరాబాద్‌లో మైక్రోస్కోపు కింద పెట్టించినప్పుడు తెల్లటి చుక్కలు, ఒక్కొక్కటి విడిగా కనిపించాయి. ఆ ఫొటోని ఎన్నిసార్లు చూసుకుని మురిసిపోయానో. ఇనుమూ కొబాల్టూ పక్కపక్క ఇళ్లవాళ్లు, చుక్కలో తేడా తెలియదు. లోహం ఎంతుందో కొలిపించినప్పుడు కొబాల్టు ఎంతో చెప్పమన్నాం, వాళ్లు కొబాల్టే చెప్పారు. ఇనుము సంగతి ఎవరూ అడగలేదు.

ఉప్పు ఉప్పే అన్నాను. సీసా మీద చీటీ ఒకటి, లోపల సరుకు ఒకటి. ఝాన్సీ చేతికి సీసా అంది ఉంటే మార్చిలోనే దానికి రిజల్టు వచ్చేది. బల్ల మీద పెట్టి ఉంటే వచ్చేది.

అంటే నేను దొంగని కాదు. ఈ వాక్యం రాశాక చాలా రోజుల తర్వాత ఆకలేసింది. రెండు పళ్లాలు తిన్నాను.

కొబాల్టు కూడా కొంత పని చేస్తుంది. ఇనుము తోడై ఉంటుంది, అంతే. కొబాల్టు లేకుండా రాదు.

జూలై 25

ల్యాబ్‌లోకి నన్ను రానివ్వరు. చెయ్యాలంటే ఝాన్సీయే చెయ్యాలి. దేవుడున్నాడో లేడో గానీ, ఉంటే వెటకారం బాగా తెలిసినవాడు.

ఆమదాలవలస వెళ్లాను. స్టేషన్ దగ్గర టీకొట్టు బెంచీ మీద కూర్చున్నాం. ఉప్పు కవరు ఇద్దరి మధ్యా పెట్టి జరిగింది చెప్పాను. అది టీ పూర్తిగా తాగి, గ్లాసు కింద పెట్టి అప్పుడు మాట్లాడింది.

"ఇంటి ఉప్పని ఒక్కసారైనా అన్నావేటి?"

"నువ్వు అడగలేదు."

"సీసా మీద సోడియం క్లోరైడ్ అని రాసుంటే ఇంకేటి అడుగుతారు? నా పనంతా ఆపీసి నీ పని సేసినాను. మా ఇంట్లో కూడా అడుగుతన్నారు, నీకు సేతకాదేటే అని."

"సేతకాదని సారుతో నేను చెప్పలేదు."

"సెప్పినావు. నా ఎదురుగానే సెప్పినావు. సేసే సెయ్యి సరిగ్గా ఉండాలని."

రైలు వచ్చి ఆగింది, జనం దిగారు, వెళ్లింది. నేను అడక్కూడదనుకుంటూనే అడిగేశాను. సారు చాలన్నా ఎందుకు ఆపలేదని. తలుపు దగ్గర విన్నానని ఒప్పుకోవాల్సి వచ్చింది.

"సారు మొదటిసారికే ఆపీమన్నారు. దొంగ డేటా అని రాసి పంపించీద్దామన్నారు. నానే ఆపనివ్వనేదు."

"నా మీద అంత ప్రేమ ఎక్కడిది?"

"నీ మీద కాదు. ఆ కర్వ్ మీద. కల్పించీవాళ్లు అలాగ కల్పించరు, అందంగా కల్పిస్తారు. నీ కర్వ్‌లో కింద సిన్న వొంకర ఉంది, ప్రతిసారీ అక్కడే ఉంది. అది నిజం కాబట్టే ఉంది." కవరు తీసి బ్యాగులో పెట్టుకుంది. "నువ్వంటే నాకు ఇప్పుడూ పడదు. సెప్తన్నాను, తర్వాత అనుకోకు."

"నాకూ పడదు" అన్నాను.

టీ డబ్బులు అదే ఇచ్చింది. ఇవ్వనిచ్చాను. బస్సులో ఏడుపొచ్చింది. మార్చి నుంచి నన్ను పాతిపెడుతోందని తిట్టిన మనిషి, మార్చి నుంచి నా మాట ఒక్కటే నిజమని పట్టుకుని వేలాడింది. ఇప్పుడు దీన్ని కూడా మొయ్యాలా? తిట్టుకోవడానికి కూడా మనిషిని మిగల్చలేదు.

జూలై 31

వచ్చింది. ఝాన్సీ చేతిలో. నిటారుగా, కింద ఆ చిన్న వంకరతో సహా. వాట్సాప్‌లో కర్వ్ పంపింది, కింద మాట లేదు.

ఉప్పు సంగతి ఝాన్సీ చెప్పిందట, మధ్యాహ్నానికి సారు కబురు పెట్టారు. వెళితే కుర్చీ చూపించారు. చాలా రోజుల తర్వాత కుర్చీ.

"ఉప్పు సంగతి కమిటీకి చెప్దాం. ఊరి ఉప్పు గరుకుగా ఉంటాది, దానివల్ల చిల్లులు బాగా వచ్చాయి, స్టోరు ఉప్పుతో రాలేదు అందాం. పృథ్వీరాజ్ గారి ముందు నువ్వు ఫెయిలవడానికి అదే కారణం. ఇనుము మాట ఎత్తొద్దు."

"కొబాల్టో ఇనుమో తేలాలి కదా సార్."

"ప్రాజెక్టు కొబాల్టు మీద వచ్చింది. పేపరు పేరులో కొబాల్టు. నీ థీసిస్ కొబాల్టు. ఇనుమంటే నాలుగేళ్లు నువ్వేం చేసినట్టు, నేనేం చేయించినట్టు? చిల్లుల మాట అబద్ధం కాదు. కమిటీ నిన్ను నిర్దోషి అంటాది, అక్కడితో అయిపోతాది. ఏటంటావు?"

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. నా కడుపూ, ఆయన కడుపూ.

సరే సార్ అన్నాను.

ఆగస్టు 2

ఇది అబద్ధం కాదు. చిల్లులు నిజంగానే బాగా వచ్చి ఉంటాయి. కల్లుప్పు గరుకుగానే ఉంటుంది.

ఆగస్టు 3

నేను కొబాల్టు పెట్టలేదా? పెట్టాను. అది లోపల ఉంది. కొలిచి చెప్పారు. ఉన్నదాన్ని ఉందనడం అబద్ధం ఎలా అవుతుంది?

ఆగస్టు 5

మాట్లాడాల్సింది అద్దం ముందు చెప్పుకున్నాను. 'స్థానిక ఉప్పు స్ఫటికాల పరిమాణం వలన.' అమ్మ విని, "బాగుందే, టీవీలో ఆవిడ లాగ సెప్తన్నావు" అంది. ఇది అబద్ధం కాదు.

ఆగస్టు 6, బుధవారం

సెమినార్ హాల్లో ఫ్యాన్ కింద ఆరుగురు. పృథ్వీరాజ్ గారు మధ్యలో. సారు ఆయన పక్కన. నా పెన్‌డ్రైవ్‌ పిడికిట్లో, అందులో చిల్లుల ఫొటోలు, ఉప్పు స్ఫటికాల ఫొటోలు. ఇనుము అనే మాట ఒక్క స్లైడులోనూ లేదు. అద్దం ముందు చెప్పుకున్న వాక్యం నోటిలో సిద్ధంగా ఉంది.

మళ్లీ చేసింది ఝాన్సీ కాబట్టి ముందు ఝాన్సీని చెప్పమన్నారు.

లేచి నిలబడి, దుర్గ ఇచ్చిన ఉప్పుతో అదే రిజల్టు వచ్చిందని చెప్పింది. సారు తల ఆడించారు. కూర్చుంటుందనుకున్నాను. కూర్చోలేదు.

"ఇంకోటి కూడా చేశాను. అదే ఉప్పు వేసి, కొబాల్టు అసలు వెయ్యకుండా."

స్క్రీను మీద రెండు కర్వ్‌లు. ఒకదాని మీద ఒకటి. వంకరతో సహా. రెండు రంగులు వేసింది గానీ ఒక రంగే కనిపిస్తోంది.

కొబాల్టు ఉన్నా లేకపోయినా ఒకటే. నాలుగేళ్లు ఒక్కో పరమాణువుకి చోటు చూపించాననుకున్నాను. అక్కడ అప్పటికే వేరేవాళ్లు కూర్చున్నారు.

సారు కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. ఉప్పులో ఇనుము ఎంతుందో కొలిపించిన కాగితం కూడా ఝాన్సీ పృథ్వీరాజ్ గారి ముందు పెట్టింది. సొంత డబ్బుతో విశాఖలో కొలిపించిందట. నాకు చెప్పలేదు. సారుకీ చెప్పినట్టు లేదు.

పృథ్వీరాజ్ గారు కాగితం రెండుసార్లు చదివి నా వైపు తిరిగారు. నన్ను లేవమంటారనుకుని సగం లేచాను. చేత్తో కూర్చోమన్నారు.

"అవసరం లేదమ్మా. అంతా తెలిసిపోయింది. కొబాల్టు పని చెయ్యలేదు, దానికి థీసిస్ మళ్లీ రాయాలి, తప్పదు. కానీ కల్పించిందన్న మాట ఇక ఎవరూ అనకూడదు. పోతే పోయిందని ఉప్పు తెచ్చి నువ్వే ఇచ్చావు చూడు, అది పెద్ద విషయం. మినిట్స్‌లో రాయండి, ఈ అమ్మాయి నిజాయితీ మీద కమిటీకి ఏ అనుమానమూ లేదు."

క్లర్కు రాసుకుంది. 'నిజాయితీ' దగ్గర ఆగి, దీర్ఘం ఎక్కడో సరిచూసుకుని మళ్లీ రాసింది. సారు తలెత్తలేదు. పెన్‌డ్రైవ్‌ ఇంకా నా పిడికిట్లోనే ఉంది. నా వంతు రానే లేదు.

బయటికి వచ్చాక ఝాన్సీ మెట్ల దగ్గర బ్యాగు సర్దుకుంటోంది. దాన్ని దాటుకుని వెళ్లిపోదామనుకున్నాను. అది అడ్డం రాలేదు, పిలవనూ లేదు. బ్యాగు జిప్పు లాగుతూ తలెత్తకుండా అడిగింది.

"నిన్ను లేపితే ఏటి సెప్పీదానివి?"

"నువ్వు చెప్పిందే" అన్నాను.